విజయవాడలో ఎవరు ఎక్కడ ఇల్లు తీసుకుంటారు: థీసిస్‌కి ఏ మోడల్ పట్టుకోవాలి?

ప్రతి ఏడాది చివరి సెమిస్టర్ మొదలయ్యేసరికి ప్లానింగ్, సివిల్, ఎకనామిక్స్ చదివే పిల్లల దగ్గర్నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. విజయవాడలో కుటుంబాలు ఇల్లు ఎక్కడ తీసుకుంటాయో మోడల్ చెయ్యాలండీ, లాజిట్ తీసుకోమంటారా, హెడోనిక్ తీసుకోమంటారా, ఏజెంట్ మోడల్ అంటున్నారు కదా అది చెయ్యనా, అని. గైడు గారు ఒక పేరు చెప్పి ఉంటారు, సీనియర్ ఇంకో పేరు చెప్పి ఉంటాడు, గడువేమో దగ్గర పడుతుంటుంది, ఇక టెన్షన్. అందరికీ విడివిడిగా చెప్పేదాన్నే ఒకచోట రాస్తున్నాను.

మోడల్ పేర్లలోకి వెళ్లేముందు ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. భర్తకి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. భార్య గుంటూరులో టీచరు. పెద్దమ్మాయి ఇంటర్, కాలేజీ బెంజ్ సర్కిల్ వైపు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, కాబట్టి కింద పోర్షన్ అయినా ఉండాలి, లిఫ్ట్ అయినా ఉండాలి. అద్దె పదిహేను వేలు దాటకూడదు. వీళ్లు పటమట తిరుగుతారు, కానూరు తిరుగుతారు, వారధి దాటి తాడేపల్లి చూస్తారు, మంగళగిరిలో రెండిళ్లు చూస్తారు. గన్నవరం వైపు అసలు వెళ్లరు, గొల్లపూడి పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా రాదు. చివరికి తాడేపల్లిలో తీసుకున్నారనుకోండి, తాడేపల్లి వాళ్లకి నచ్చిందని రాసేస్తే అది సగం నిజమే. వాళ్ల ముందు ఉన్న నాలుగు చోట్లలో అది నెగ్గింది, అంతే. ఆ నాలుగు ఎలా నాలుగయ్యాయి అన్నదాన్ని పట్టుకోలేకపోతే మీరు ఏ మోడల్ వాడినా తప్పు చోటికే వెళ్తారు. నా సలహా మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

దీంతోపాటు మిమ్మల్ని మీరు ఒకటి అడుక్కోండి: నాకు తెలియాల్సింది ధరా, మనుషులా, పదేళ్ల తర్వాతి ఊరా? మూడింటికీ ఒకే పనిముట్టు పనికిరాదు.

పుస్తకాల్లో ముందుగా కనిపించేది బిడ్ రెంట్. 1964లో విలియం అలోన్సో దీన్ని పట్టణాలకి చక్కగా కూర్చాడు, ఆ తర్వాత మిల్స్, మూత్ పెంచారు. దీని మూలం 1826 నాటి జర్మన్ రైతు, ఆర్థికవేత్త ఫాన్ థూనెన్ దగ్గరుంది, ఆయన లెక్కేసింది పొలాలకి. విషయం సులువే: ఉద్యోగాలన్నీ ఊరి నడుమ ఉంటే, దూరం వెళ్లేకొద్దీ ప్రయాణం ఖర్చు పెరుగుతుంది, దాన్ని సర్దడానికి అద్దె తగ్గాలి, ఏ చోట ఎవరు ఎక్కువ ఇవ్వగలిగితే ఆ చోటు వాళ్లది. కాగితం మీద చాలా అందంగా ఉంటుంది. మరి విజయవాడకి నడుమ ఏది? బీసెంట్ రోడ్డా, వన్‌టౌనా, బెంజ్ సర్కిలా, ఆటోనగరా? భార్య ఉద్యోగం గుంటూరులో ఉంటే ఆ ఇంటికి నడుమ ఏది? పైగా మన భూమి బల్లపరుపుగా లేదు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క బుడమేరు, ఊళ్లోంచి బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ, ఆ మధ్యలో ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండ, గుణదల కొండ. కొండ మీద ఇల్లు మ్యాపులో సెంటర్‌కి దగ్గరే, కానీ మెట్లెక్కి నీళ్లబిందె మోసే ఆవిడకి ఆ దగ్గరతనం వల్ల ఒరిగేది తక్కువ.

ఇంకో ఇబ్బంది మనకి మరీ ప్రత్యేకం. 2014లో రాజధాని ఇక్కడే అన్నారు, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, 2024లో మళ్లీ అమరావతి అన్నారు. మంగళగిరి, తాడేపల్లి, తుళ్లూరు వైపు స్థలాల ధరలు ఈ మాటల వెంట లేచాయి, పడ్డాయి. ఆ ధరలో ఉన్నది ప్రయాణం ఖర్చు కాదు, ఆశ. స్థలం కొన్నవాడు అక్కడ కాపురం ఉండకపోవచ్చు కూడా. అందుకే నేను గట్టిగా చెప్పేది: ఎక్కడ కాపురం ఉంటారన్నది మీ ప్రశ్న అయితే అమ్మకం ధరలు పక్కన పెట్టి అద్దెలు పట్టుకోండి. అద్దె ఈ నెల అవసరాన్ని చెప్తుంది. బిడ్ రెంట్‌ని మొదటి అధ్యాయంలో ఆలోచన వివరించడానికి వాడుకోండి, విజయవాడ డేటా మీద ఎస్టిమేట్ చెయ్యడానికి మాత్రం వద్దు.

తర్వాతిది హెడోనిక్. 1974లో షెర్విన్ రోజెన్ దీనికి సిద్ధాంతం రాశాడు. ఇల్లంటే లక్షణాల మూట: ఎన్ని గదులు, ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, కారు పెట్టుకునే చోటుందా, మున్సిపల్ నీళ్లొస్తాయా, మెయిన్ రోడ్డుకి ఎంత లోపల, ఏ ముఖం. అద్దెని ఈ లక్షణాల మీద రిగ్రెషన్ చేస్తే ఒక్కోదానికి మార్కెట్ ఎంత వెల కడుతోందో వస్తుంది. తూర్పు ముఖానికి ఎంత ఎక్కువ, మూడో అంతస్తుకి లిఫ్ట్ లేకపోతే ఎంత తక్కువ. మూడు నెలల్లో పని అయిపోవాలి అంటే ఇదే మంచిది, టులెట్ బోర్డుల మీది నంబర్లకి ఫోన్లు చేసుకుంటూ, ఆన్‌లైన్ ప్రకటనలు చూసుకుంటూ డేటా పోగు చెయ్యొచ్చు.

ఇక్కడ ఒక గుంట ఉంది, ఏటా ఎవరో ఒకరు పడతారు. రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే మార్కెట్ విలువల్ని తీసుకుని హెడోనిక్ చేస్తారు, ఎందుకంటే అవి ఉచితంగా దొరుకుతాయి, ఏరియాలవారీగా చక్కగా ఉంటాయి. ఆ విలువల్ని స్టాంపు డ్యూటీ కోసం ఏరియాకి, సర్వే నంబరుకి ఇంత అని అధికారులే నిర్ణయిస్తారు. వాటి మీద రిగ్రెషన్ చేస్తే మీకు తెలిసేది ఆ ఆఫీసు రేట్లు ఎలా కట్టిందన్నది, జనం ఏం కోరుకుంటున్నారన్నది కాదు. దస్తావేజులో రాసిన మొత్తం తీసుకున్నా అసలు చేతులు మారిన డబ్బు అందులో అంతా ఉండదన్నది మనందరికీ తెలిసిన విషయమే.

రెండో గుంట నది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మునిగింది ఎక్కువగా ఎక్కడ? కృష్ణకి ఎదురుగా ఉన్న కృష్ణలంక రక్షణ గోడ వెనక చాలావరకు నిలబడింది. కృష్ణకి కిలోమీటర్ల అవతల ఉన్న సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట బుడమేరు నీళ్లలో రోజుల తరబడి ఉండిపోయాయి. మీ మోడల్‌లో 'నదికి దూరం' అని ఒక వేరియబుల్ పెట్టి వరద భయాన్ని కొలిచానని రాస్తే లెక్క తలకిందులవుతుంది. నీళ్లు ఎక్కడికి ఎంత లోతు వచ్చాయి, ఎన్నాళ్లు నిలిచాయి అని ఇల్లిల్లూ అడగండి, గోడ మీద ఆ చార ఎంత ఎత్తులో ఉందో చూపిస్తారు. ఆ వరదకి ముందు, తర్వాత అద్దెలు పోల్చడానికి హెడోనిక్ నిజంగా బాగా పనికొస్తుంది, నాకు ఎవరైనా ఆ పని చేస్తే చదవాలని ఉంది.

కానీ హెడోనిక్ వెల చెప్తుంది, ఎవరు తీసుకున్నారో చెప్పదు. అద్దె వెయ్యి తగ్గితే ఏ కుటుంబం ఎటు కదులుతుంది అన్నదానికి దాని దగ్గర సమాధానం లేదు. అక్కడ లాజిట్ మొదలవుతుంది.

డానియల్ మెక్‌ఫాడెన్ ఈ లెక్కని పెంచి పెద్ద చేసినాయన, 2000లో జేమ్స్ హెక్‌మన్‌తో కలిసి నోబెల్ వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కో వైపు బార్ట్ రైలు వచ్చేముందు అధికారిక అంచనా 15 శాతం మంది ఎక్కుతారని, ఆయన మోడల్ 6.3 శాతం అంది, తీరా తేలింది 6.2. నివాసం ఎంపిక మీద ఆయన 1978లో రాసినదే ఈ రంగంలో ఇప్పటికీ పునాది. ఒక్కో చోటుకీ ఒక్కో కుటుంబం మనసులో ఒక స్కోరు ఉంటుంది, దాన్ని యుటిలిటీ అంటారు, అందులో మనకి కనిపించే భాగం కొంత, కనిపించనిది కొంత. కనిపించనిది ఒక నిర్దిష్ట పంపిణీలో (డిస్ట్రిబ్యూషన్) ఉందనుకుంటే ఆ కుటుంబం ఆ చోటు తీసుకునే ప్రాబబిలిటీ చాలా తేలిగ్గా వస్తుంది.

ఉదాహరణకి కల్పిత అంకెలు తీసుకుందాం. పటమట స్కోరు 1, పోరంకి 0.5, సింగ్‌నగర్ 0. ఒక్కోదాని ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే 2.72, 1.65, 1.00 వస్తాయి, మొత్తం 5.37. ఒక్కోదాన్ని ఆ మొత్తంతో భాగిస్తే పటమటకి 51 శాతం, పోరంకికి 31, సింగ్‌నగర్‌కి 19 దగ్గర దగ్గరగా. ఇప్పుడు పోరంకిని మీరు సర్వే కోసం తూర్పు, పడమర అని రెండు ముక్కలు చేసి రెండింటికీ అదే 0.5 ఇచ్చారనుకోండి. ఊళ్లో ఏమీ మారలేదు, మ్యాపు మీద గీత గీశారు అంతే. పటమట వాటా 39కి పడిపోతుంది, పోరంకి రెండు ముక్కలూ కలిపి 47కి లేస్తాయి! ఎర్ర బస్సు నీలం బస్సు ఉదాహరణగా పుస్తకాల్లో ఉండేది ఇదే జబ్బు. పక్కపక్క ఏరియాలు ఒకదానికొకటి దగ్గరి పోటీ, మామూలు లాజిట్‌కి ఆ సంగతి తెలియదు.

దీనికి మందు నెస్టెడ్ లాజిట్. ఒకేలాంటి చోట్లని ఒక గూటిలో పెడతారు. విజయవాడకైతే నేను గూళ్లని వార్డుల ప్రకారం కాకుండా జనం ఇల్లు వెతికే దారుల ప్రకారం పెడతాను. బందరు రోడ్డు వెంట పటమట, కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు ఒకటి. ఏలూరు రోడ్డు వైపు గుణదల, రామవరప్పాడు, ఎనికేపాడు, నిడమానూరు ఒకటి. రైల్వే లైను అవతల సింగ్‌నగర్, పాయకాపురం, నున్న ఒకటి. కొండకి పడమర భవానీపురం, విద్యాధరపురం, గొల్లపూడి ఒకటి. వారధి దాటాక తాడేపల్లి, ఉండవల్లి, మంగళగిరి ఒకటి. బ్రోకర్ బండెక్కించుకుని తిప్పేది కూడా ఇలాగే ఒక దారి పట్టుకుని, బందరు రోడ్డు బ్రోకర్ మిమ్మల్ని భవానీపురం తీసుకెళ్లడు. ఎస్టిమేట్ చేశాక ఒక్కో గూటి పరామితి, అంటే ఆ గూటిలోని చోట్లు ఒకదానికొకటి ఎంత దగ్గరి పోటీయో చెప్పే అంకె, సున్నాకీ ఒకటికీ మధ్య రావాలి (బయోజీమ్ అనే సాఫ్ట్‌వేర్ దీన్ని తిరగేసి ఇస్తుంది, అక్కడ ఒకటి కంటే ఎక్కువ రావాలి). ఆ హద్దు దాటితే గూడు తప్పుగా కట్టారన్న అనుమానం పెట్టుకోండి.

ఏరియాలు అరవై డెబ్బై అయితే అన్నీ ప్రతి కుటుంబం ముందు పెట్టక్కర్లేదు. తీసుకున్న చోటు ఒకటి, మిగతావాటిలోంచి యాదృచ్ఛికంగా తొమ్మిది, మొత్తం పది పెట్టినా మామూలు లాజిట్‌లో గుణకాలు (స్కోరులో అద్దె, ప్రయాణం లాంటి ఒక్కోదానికి ఎంత బరువో చెప్పే అంకెలు) సరిగ్గానే వస్తాయని 1978లోనే మెక్‌ఫాడెన్ చూపించాడు. నెస్టెడ్‌లో అలా చేస్తే దిద్దుబాటు కలపాలి, మర్చిపోకండి. గుణకాలు వచ్చాక వాటి నిష్పత్తే అసలు ఫలం. అద్దె గుణకం వెయ్యి రూపాయలకి మైనస్ 0.2, ప్రయాణం గుణకం నిమిషానికి మైనస్ 0.05 వచ్చిందనుకుంటే, ఒక నిమిషం ఆదా కావడానికి ఆ కుటుంబం నెలకి 250 రూపాయలు ఎక్కువ అద్దె ఇవ్వడానికి సిద్ధం అని అర్థం. ఈ ఒక్క అంకెని భార్య ప్రయాణానికి, భర్త ప్రయాణానికి విడివిడిగా తీయండి. ఎవరి సమయానికి ఇంట్లో ఎంత విలువ ఉందో బయటపడుతుంది.

అద్దె గుణకం ప్లస్‌లో వచ్చి, అంటే జనం ఎక్కువ అద్దెని కోరుకుంటున్నారన్నట్టు వచ్చి, రాత్రి పదకొండుకి ఫోన్ చేసే పిల్లలు ఉంటారు. కంగారు పడకండి. మంచి గాలి, మంచి వీధి, మంచి ఇరుగుపొరుగు మీ డేటాలో లేవు, అవన్నీ ఖరీదైన ఇళ్లలోనే ఉన్నాయి, ఆ మంచితనమంతా అద్దె ఖాతాలో పడింది. ముందు వీధి నాణ్యత మీద కొన్ని వేరియబుల్స్ కలపండి, అప్పటికీ తిరగకపోతే ఆ కనిపించని మంచితనాన్ని అద్దె నుంచి విడదీసే కంట్రోల్ ఫంక్షన్ పద్ధతి ఉంది, గైడుతో కూర్చుని చెయ్యండి. మిక్స్‌డ్ లాజిట్ గురించి కూడా అడుగుతారు. కుటుంబానికీ కుటుంబానికీ ఇష్టాలు వేరు కాబట్టి గుణకాన్ని ఒక్క అంకెగా కాక పంపిణీగా తీసుకోవడం అది. బాగుంటుంది, కానీ ముందు నెస్టెడ్ సరిగ్గా రావాలి.

ఇక అసలు విషయానికి, ఆ నాలుగింటి జాబితాకి, వస్తాను. లాజిట్ కుటుంబం ముందు మీరు పెట్టిన జాబితా నిజమని నమ్ముతుంది. ఒక ముస్లిం కుటుంబం సత్యనారాయణపురంలో లేదంటే, ఒక దళిత ఉద్యోగి ఒక కాలనీలో లేడంటే, ఇద్దరు బ్యాచిలర్లు ఒక అపార్ట్‌మెంట్‌లో లేరంటే, మోడల్ దాన్ని వాళ్లకి ఆ చోటు ఇష్టం లేనట్టు చదువుతుంది. టులెట్ బోర్డు కింద చిన్న అక్షరాల్లో 'శాకాహారులకు మాత్రమే' అని ఉన్నదీ, ఫోన్‌లో ఇంటిపేరు అడిగి ఇల్లు ఇచ్చేశామండీ అన్నదీ డేటాలో ఉండదు. నిరాకరణ కాస్తా ఇష్టంగా మారిపోతుంది. నేను మొదటిసారి సర్వే చేసినప్పుడు ఈ ప్రశ్న పెట్టలేదు, గుణకాలు చక్కగా వచ్చాయి, రాసేశాను, తర్వాత అదే కుటుంబాల్లో కొందరితో తీరిగ్గా మాట్లాడితే ఎన్ని గుమ్మాల దగ్గర్నుంచి వెనక్కి వచ్చారో చెప్పారు. ఆ రిపోర్టు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వరద ప్రాంతాల విషయంలోనూ అంతే. పల్లపు చోట ఉన్నవాళ్లు వరదని పట్టించుకోరని గుణకం చెప్తే దయచేసి అలా రాయకండి. వాళ్ల అద్దెకి మెరక మీద ఇల్లు దొరకదు. వాంబే కాలనీలో, జక్కంపూడి ఇళ్లలో ఉన్న చాలా కుటుంబాలకి అది ప్రభుత్వం కేటాయించిన చోటు, అక్కడ ఎంపిక అన్న మాటే లేదు. కేటాయింపు ఇళ్లని లాజిట్‌లో కలపొద్దు, విడిగా ఉంచండి.

ఏజెంట్ మోడల్ దగ్గరకి వద్దాం, అంటే ఒక్కో కుటుంబాన్ని కంప్యూటర్‌లో ఒక పావుగా పెట్టి, నియమాలిచ్చి కదిలించి చూడటం. 1971లో థామస్ షెల్లింగ్ చూపించింది చిన్న విషయం, కానీ కదిలించే విషయం: ప్రతి ఒక్కరూ ఇరుగుపొరుగులో కొద్దిమంది తనవాళ్లు ఉంటే చాలనుకున్నా, అందరూ కదిలేసరికి ఊరు తెగతెగలుగా విడిపోగలదు. ఇలాంటివి ఆడించే నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ మోడల్ సిద్ధంగా ఉంటుంది, ఒక మధ్యాహ్నంలో ఆడించి చూడొచ్చు. ఇలా జరగొచ్చా అన్న ప్రశ్నకి ఇది చాలా మంచిది. ఎక్కడ ఎన్ని కుటుంబాలు ఉంటాయి అన్నదానికి మాత్రం, నియమాలన్నీ మీరే రాశారు కాబట్టి, ఫలితం కూడా సగం మీదే.

పదేళ్ల తర్వాతి ఊరు కావాలంటే పెద్ద మోడల్స్ ఉన్నాయి. 1964లో పిట్స్‌బర్గ్ కోసం ఐరా లోరీ చేసినది పాతది, సులువైనది: ఉద్యోగాలు ఎక్కడో చెప్తే చుట్టూ ఇళ్లని దూరాన్నిబట్టి పంచుతుంది. మనకి దాని బలహీనత కళ్లముందే ఉంది. 2016లో సచివాలయం వెలగపూడికి వస్తే ఉద్యోగులందరూ దాని చుట్టూ కాపురాలు పెట్టలేదు. విజయవాడలో, గుంటూరులో ఉన్నారు, చాలామంది పిల్లల చదువు, భార్యాభర్తల్లో రెండోవాళ్ల ఉద్యోగం హైదరాబాదులో ఉండి వారాంతాల్లో రైలెక్కారు. దూరం ఒక్కటే చూసే మోడల్‌కి ఇది అందదు. పాల్ వాడెల్ మొదలుపెట్టిన అర్బన్‌సిమ్ చాలా మెరుగు, లోపల లాజిట్లే ఉంటాయి, కానీ ప్రతి స్థలం, ప్రతి భవనం, ప్రతి ఉద్యోగం డేటా అడుగుతుంది. సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) లాంటిది ఒక టీమ్ పెట్టి చెయ్యాల్సిన పని, ఒక్క విద్యార్థి ఆరు నెలల్లో చేసేది కాదు. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు వాయిదా పడ్డాయని, 2011 అంకెల మీద రాజధాని తర్వాతి ఊరిని నిలబెట్టలేమని కూడా గుర్తుంచుకోండి.

కాబట్టి ఆరు నెలలు ఉండి, కాళ్లరిగేలా తిరగడానికి మీరు సిద్ధంగా ఉంటే నా ఓటు నెస్టెడ్ లాజిట్‌కే. గత మూడు నాలుగేళ్లలో ఇల్లు మారిన అద్దె కుటుంబాలనే తీసుకోండి, ఇరవై ఏళ్ల కింద కట్టుకున్న సొంతింటివాళ్ల ఎంపికకి ఇప్పటి అద్దెలు వివరణ ఇవ్వలేవు. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టకండి, పైథాన్ వస్తే బయోజీమ్, ఆర్ వస్తే అపోలో, రెండూ ఉచితం. డేటాలో ఐదోవంతు పక్కన పెట్టి దాని మీద మోడల్‌ని పరీక్షించండి.

సర్వేకి ఆదివారం పొద్దున పదీ పన్నెండు మధ్య వెళ్లండి, భార్యాభర్తలిద్దరూ దొరుకుతారు, ఇద్దరినీ అడగండి, జవాబులు కలవకపోతే రెండూ రాసుకోండి. ప్రశ్నాపత్రంలో అద్దె, గదులు, దూరాలు ఎలాగూ ఉంటాయి. వాటికంటే ముందు, మొదటి పేజీలో, ఈ ఇల్లు దొరక్కముందు ఎక్కడెక్కడ తిరిగారు, ఏది మీరు వద్దనుకున్నారు, ఎక్కడ మిమ్మల్ని వద్దన్నారు అన్న మూడు గళ్లు పెట్టండి. మూడో గడి నింపేటప్పుడు పెన్ను పక్కన పెట్టి వినండి, చాలాసేపు చెప్తారు.